అరెస్టు వారంటు తెలుసుకొనే విధానం (తడ ప్రాంతం)

అరెస్టు వారంటు అనగా ఒక వ్యక్తిని నిర్బంధించి తన ఎదుట హాజరు పరచవలసిందిగా న్యాయస్థానం లిఖితపూర్వకంగా జారీ చేసే ఆదేశం. వారంటుకు దానంతట అదే కాలదోషం పట్టదు. అమలు జరిగేవరకు, లేదా జారీ చేసిన న్యాయస్థానమే దానిని రద్దు చేసేవరకు అది చెల్లుబాటులో ఉంటుంది. పదేళ్ళ క్రితం ఒక వాయిదాకు హాజరు కానందున జారీ అయిన వారంటు నేటికీ సజీవంగా ఉండవచ్చును. సంబంధిత వ్యక్తికి ఆ సంగతి తెలియకపోవచ్చును.

భారతదేశంలో పెండింగులో ఉన్న అరెస్టు వారంటులన్నింటినీ పేరుతో వెదకి చూసుకొనే బహిరంగ జాబితా లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అనేక కౌంటీల షెరీఫ్ కార్యాలయాలు ఇటువంటి జాబితాలను ప్రచురిస్తాయి. మన దేశంలో మాత్రం కేసు ఏ న్యాయస్థానంలో ఉన్నదో గుర్తించి, ఆ న్యాయస్థానపు రికార్డు ద్వారా వారంటు సంగతి తెలుసుకోవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దున ఉన్న తడ పట్టణాన్ని, దాని పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఆ విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

== చట్టపరమైన ఆధారం ==

బ్రిటిషు పాలనలో 1861లో తొలి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. తరువాత 1872, 1882, 1898 సంవత్సరాలలో దాని స్థానంలో కొత్త స్మృతులు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం రూపొందిన 1973 నాటి స్మృతి 1974 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దీనినే సి.ఆర్.పి.సి. అని వ్యవహరిస్తారు. 2024 జూలై 1 నుండి దీని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023 అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందే విచారణలో ఉన్న కేసులు పాత స్మృతి ప్రకారమే కొనసాగుతాయి. అందుచేత పాత కేసుల కాగితాలలో పాత సెక్షన్ల సంఖ్యలే కనిపిస్తాయి.

వారంటు ఎలా ఉండాలో కొత్త సంహితలోని 72వ సెక్షను చెబుతుంది. అది లిఖితపూర్వకంగా ఉండాలి. న్యాయస్థానపు అధ్యక్షాధికారి సంతకం, న్యాయస్థానపు ముద్ర ఉండాలి. రద్దయ్యేవరకు లేదా అమలయ్యేవరకు వారంటు చెల్లుతుందన్న నియమం కూడా ఈ సెక్షనులోనే ఉన్నది. ఇదే నియమం 1898, 1973 స్మృతులలోనూ ఉండేది.

== వారంటులలో రకాలు ==

* బెయిలబుల్ వారంటు: నిర్ణీత మొత్తానికి పూచీకత్తు ఇచ్చి, ఫలానా తేదీన హాజరవుతానని బాండు వ్రాసి ఇస్తే విడిచిపెట్టవచ్చునని న్యాయస్థానం వారంటు మీదనే వ్రాస్తుంది. ఎందరు జామీనుదారులు కావాలో, ఎంత మొత్తమో కూడా అందులో ఉంటుంది. పోలీసు అధికారి బాండు తీసుకొని వ్యక్తిని విడిచిపెట్టి, ఆ బాండును న్యాయస్థానానికి పంపుతాడు.
* నాన్ బెయిలబుల్ వారంటు: పోలీసులకు విడిచిపెట్టే అధికారం ఉండదు. వ్యక్తిని న్యాయస్థానం ఎదుట హాజరు పరచవలసిందే. దీనినే కోర్టు ఆవరణలలో ఎన్.బి.డబ్ల్యు. అంటారు. ఈ పేరును బట్టి నేరం కూడా బెయిలు దొరకనిదని భావించరాదు. బెయిలుకు వీలైన చిన్న నేరంలో కూడా వాయిదాలకు రాని ముద్దాయిపై ఈ వారంటు జారీ కావచ్చును.
* సాక్షిపై వారంటు: సమను అందినా సాక్ష్యం చెప్పడానికి రాని సాక్షిపై కూడా న్యాయస్థానం వారంటు జారీ చేయవచ్చును.
* భరణం కేసులలో వారంటు: భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు చెల్లించవలసిన భరణం బకాయి పడితే, ఆ సొమ్ము వసూలుకు వారంటు జారీ అవుతుంది. అప్పటికీ చెల్లించకపోతే ప్రతి నెల బకాయికి ఒక నెల వరకు జైలు విధించవచ్చును.
* సివిలు వారంటు: డిక్రీ మొత్తం చెల్లించని వ్యక్తిపై సివిలు కోర్టు జారీ చేసేది. ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908 పరిధిలోనిది. డబ్బు చెల్లింపు డిక్రీ అమలులో స్త్రీలను అరెస్టు చేయరాదు. చెల్లించే స్తోమత నిజంగా లేని వ్యక్తిని కేవలం పేదరికం కారణంగా జైలుకు పంపరాదని 1980లో సుప్రీం కోర్టు జాలీ జార్జి వర్గీస్ కేసులో తీర్పు చెప్పింది.

ఈ వ్యాసంలో ఇకపై ప్రధానంగా క్రిమినలు వారంటుల గురించే వివరించబడింది.

== వారంటు ఎప్పుడు జారీ అవుతుంది ==

సాధారణంగా న్యాయస్థానం మొదట సమను పంపుతుంది. వ్యక్తి పరారీలో ఉన్నాడని గాని, సమనును లెక్కచేయడని గాని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు వారంటు జారీ చేయవచ్చును. సమను సకాలంలో అందినట్లు రుజువై, సరైన కారణం లేకుండా వ్యక్తి రానప్పుడు కూడా జారీ చేయవచ్చును. 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీం కోర్టు ఈ విషయంలో ఒక క్రమాన్ని సూచించింది. దాని ప్రకారం మొదట సమను, తరువాత బెయిలబుల్ వారంటు, అవి ఫలించనప్పుడే నాన్ బెయిలబుల్ వారంటు జారీ చేయడం సముచితం. 2022లో సతేందర్ కుమార్ అంటిల్ కేసులోనూ ఇదే క్రమాన్ని నొక్కి చెప్పింది.

ఆచరణలో ఎక్కువ వారంటులు ఈ క్రింది సందర్భాలలో జారీ అవుతాయి.

* బెయిలు పొందిన ముద్దాయి తరువాత వాయిదాలకు రాకపోవడం. ముద్దాయి రాలేని రోజున న్యాయవాది గైర్హాజరీ పిటిషను వేస్తారు. పిటిషను వేయకపోయినా, న్యాయస్థానం దానిని తిరస్కరించినా వారంటు జారీ కావచ్చును.
* ముద్దాయి నివాసం మారడం. పాత చిరునామాకు వెళ్ళిన సమను అందకుండా తిరిగి వస్తుంది.
* చెక్కు చెల్లని కేసులు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను క్రింద సొమ్ము రావలసిన వ్యక్తి నేరుగా న్యాయస్థానంలో ఫిర్యాదు వేస్తాడు. పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. ఉండదు.
* లోక్ అదాలత్‌లోనో, ఊరి పెద్దల సమక్షంలోనో రాజీ కుదిరిందని భావించి వాయిదాలకు వెళ్ళడం మానివేయడం. పెద్దల సమక్షంలో కుదిరిన రాజీతో కేసు దానంతట అదే ముగియదు. న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చేవరకు అది కొనసాగుతూనే ఉంటుంది.

== తడ ప్రాంతపు ప్రత్యేకత ==

తడ చెన్నై, కోల్‌కతా జాతీయ రహదారిపైన, గూడూరు, చెన్నై రైలు మార్గంపైన ఉన్న పట్టణం. దీనికి దక్షిణాన తమిళనాడుకు చెందిన ఆరంబాకం ఉన్నది. రహదారిపై నిత్యం తిరిగే లారీ డ్రైవర్లు, శ్రీసిటీ పారిశ్రామిక వాడకు ఇతర జిల్లాల నుండి, రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు, చెన్నైతో లావాదేవీలు గల వ్యాపారులు ఇక్కడ ఎక్కువ. ఈ కారణంగా ఇక్కడి వ్యక్తిపై ఉన్న కేసు ఇక్కడి న్యాయస్థానంలోనే ఉండాలని లేదు.

తడ పోలీసు స్టేషను పరిధిలో నమోదయ్యే సాధారణ కేసులు సూళ్ళూరుపేటలోని మేజిస్ట్రేటు కోర్టు విచారణకు వస్తాయి. శ్రీసిటీ వైపున ఉన్న సత్యవేడులో వేరే కోర్టు ఉన్నది. సరిహద్దుకు అవతల జరిగిన ప్రమాదాలు, తగాదాల కేసులు తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లా కోర్టులలో ఉంటాయి.

చెక్కు కేసులలో 2015 నాటి చట్ట సవరణ ముఖ్యమైనది. దాని ప్రకారం, ఖాతా ద్వారా వసూలుకు చెక్కు వేసినప్పుడు, సొమ్ము రావలసిన వ్యక్తి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టుకు విచారణాధికారం ఉంటుంది. తడలోని వ్యాపారి చెన్నైలోని టోకు వర్తకునికి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే, కేసు చెన్నై కోర్టులో నడవవచ్చును.

జిల్లా పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తడ మండలం 2022 ఏప్రిల్ 4 వరకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ తేదీన జరిగిన పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. సత్యవేడు అంతకు ముందు చిత్తూరు జిల్లాలోనిది. పాత కేసులు పాత జిల్లాల పేర్లతో నమోదై ఉన్నందున, తడ కేసుల కొరకు నెల్లూరు పేరుతోను, సత్యవేడు కేసుల కొరకు చిత్తూరు పేరుతోను కూడా వెదకాలి. తిరుపతి జిల్లా పేరుతో మాత్రమే చూసి కేసు లేదని నిర్ధారించుకోవడం పొరపాటు.

== తెలుసుకొనే విధానం ==

=== చేతనున్న కాగితాలు ===

ఇంట్లో ఉన్న ఎఫ్.ఐ.ఆర్. నకలు, బెయిలు కాగితాలు, అభియోగ పత్రం, సమను, లాయరు నోటీసు మొదలైన వాటిని ముందుగా వెదకాలి. వాటి నుండి పోలీసు స్టేషను పేరు, క్రైం నంబరు, సంవత్సరం, కోర్టు పేరు, కేసు నంబరు వ్రాసుకోవాలి. మేజిస్ట్రేటు కోర్టు కేసులకు సాధారణంగా సి.సి. అని, సెషన్సు కేసులకు ఎస్.సి. అని, భరణం కేసులకు ఎం.సి. అని ముందు ఉంటుంది. క్రైం నంబరు పోలీసులది, సి.సి. నంబరు కోర్టుది. ఈ రెండూ ఒకటి కావు.

ఎఫ్.ఐ.ఆర్. నకలు లేనివారు పోలీసు శాఖ వెబ్‌సైటులో వెదకవచ్చును. ఎఫ్.ఐ.ఆర్.లను సాధారణంగా 24 గంటలలోగా వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీం కోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం మొదలైన సున్నితమైన కేసులకు ఇది వర్తించదు.

=== ఈ-కోర్ట్స్ సేవలు ===

దేశంలోని జిల్లా, తాలూకా స్థాయి కోర్టుల కేసుల వివరాలను ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటులోను, అదే పేరు గల మొబైల్ యాప్‌లోను ఉచితంగా చూడవచ్చును. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకున్న తరువాత ఈ క్రింది మార్గాలలో వెదకవచ్చును.

* సి.ఎన్.ఆర్. సంఖ్య ద్వారా: ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెలతో కూడిన ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఇది తెలిస్తే జిల్లా, కోర్టు ఎంచుకోనవసరం లేదు.
* కేసు నంబరు, సంవత్సరం ద్వారా.
* ఎఫ్.ఐ.ఆర్. నంబరు ద్వారా: పోలీసు స్టేషను, నంబరు, సంవత్సరం ఇవ్వాలి. చెక్కు కేసుల వంటి ప్రైవేటు ఫిర్యాదులు ఇందులో దొరకవు.
* కక్షిదారు పేరు ద్వారా: పేరులోని కనీసం మూడు అక్షరాలు, సంవత్సరం ఇవ్వాలి.

పేరుతో వెదికేటప్పుడు ఒకే తెలుగు పేరును ఇంగ్లీషులో పలు విధాలుగా వ్రాస్తారని గుర్తుంచుకోవాలి. సుబ్రహ్మణ్యం, వెంకటేశ్వర్లు వంటి పేర్లకు మూడు నాలుగు వర్ణక్రమాలు ఉంటాయి. ఇంటిపేరు ముందుండవచ్చు, వెనుక ఉండవచ్చు, పొడి అక్షరంగా మిగలవచ్చు. కాబట్టి పేరులోని మారని భాగాన్ని మాత్రమే ఇచ్చి వెదకడం మేలు. ఒకే పేరు గలవారు అనేకులు ఉంటారు గనుక, దొరికిన కేసు తనదేనా అన్నది తండ్రి పేరు, ఊరు, ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో సరిచూసుకోవాలి.

కేసు పుట తెరిచిన తరువాత మూడు అంశాలు గమనించాలి. మొదటిది కేసు ప్రస్తుతం ఉన్న దశ. అక్కడ వారంటు, ఎన్.బి.డబ్ల్యు. అన్న మాటలు ఉంటే సంగతి స్పష్టమే. రెండవది వాయిదాల చరిత్ర. ఒక్కొక్క తేదీపై నొక్కితే ఆనాటి కార్యక్రమం సంక్షిప్తంగా కనిపిస్తుంది. ముద్దాయి గైర్హాజరు, వారంటు జారీ వంటి విషయాలు అక్కడ ఉంటాయి. మూడవది తదుపరి వాయిదా తేదీ.

కేసు ముగిసినట్లు కనిపించినా తొందరపడరాదు. ఒకే కేసులో పలువురు ముద్దాయిలు ఉండి కొందరు రాకపోతే, న్యాయస్థానం వారి కేసును విడదీసి వేరే నంబరు ఇవ్వవచ్చును. హాజరైనవారి కేసు కొట్టివేయబడినా, రాని వ్యక్తి కేసు కొత్త నంబరుతో మిగిలి ఉంటుంది. ఎంతకూ దొరకని ముద్దాయిల కేసులను దీర్ఘకాల పెండింగు కేసుల రిజిస్టరుకు మార్చే పద్ధతి కూడా ఉన్నది. ఆంధ్ర కోర్టులలో దీనిని ఎల్.పి.సి. అంటారు. ఆ రిజిస్టరుకు మారినంత మాత్రాన వారంటు రద్దు కాదు.

వెబ్‌సైటులో కనిపించే సమాచారం తెలుసుకోవడానికి మాత్రమే. అది ధ్రువీకరించిన రికార్డు కాదు. నమోదు ఆలస్యం కావచ్చు, పాత కేసులు ఎక్కి ఉండకపోవచ్చు. వెబ్‌సైటులో ఏమీ కనిపించనంత మాత్రాన వారంటు లేదని చెప్పలేము.

=== న్యాయస్థాన కార్యాలయం ===

నమ్మదగిన సమాధానం వారంటు జారీ చేసిన న్యాయస్థానపు రికార్డులోనే దొరుకుతుంది. కేసు నంబరు తెలిస్తే, న్యాయవాది ద్వారా కేసు కట్టను పరిశీలించి చివరి ఉత్తర్వు ఏమిటో తెలుసుకోవచ్చును. అవసరమైన ఉత్తర్వులకు ధ్రువీకరించిన నకలు కోరుతూ దరఖాస్తు చేయవచ్చును.

=== న్యాయవాది, న్యాయ సేవా సంస్థలు ===

వారంటు ఉండవచ్చునని అనుమానం గలవారికి న్యాయవాది ద్వారా తెలుసుకోవడమే క్షేమకరమైన మార్గం. ఫీజు ఇచ్చుకోలేనివారికి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 క్రింద ఉచిత సహాయం లభిస్తుంది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉన్నది. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీని గాని, 15100 అనే జాతీయ సహాయ సంఖ్యను గాని సంప్రదించవచ్చును.

=== పోలీసు స్టేషను ===

జారీ అయిన వారంటు సాధారణంగా ముద్దాయి నివాస ప్రాంతపు పోలీసు స్టేషనుకు చేరుతుంది. అక్కడ దానిని రిజిస్టరులో వ్రాస్తారు. కోర్టుకు, స్టేషనుకు మధ్య ఈ కాగితాలను చేరవేసే పని కోర్టు కానిస్టేబులుది. కాబట్టి స్టేషనులో అడిగి తెలుసుకోవడం సాధ్యమే. అయితే వారంటు ఉన్నట్లయితే ఎదుటనున్న వ్యక్తిని అరెస్టు చేయడం పోలీసుల విధి. అడగడానికి స్వయంగా వెళ్ళిన వ్యక్తి ఆ వెంటనే నిర్బంధానికి గురి కావచ్చును. ముందుగా న్యాయవాదితో మాట్లాడి, కోర్టులో హాజరయ్యే ఏర్పాటు చేసుకోవడం మంచిది.

సమాచార హక్కు చట్టం, 2005 ద్వారా కూడా అడగవచ్చును గాని, జవాబుకు 30 రోజుల గడువు ఉన్నది. అరెస్టుకు ఆటంకం కలిగించే సమాచారాన్ని ఇవ్వకుండా ఉండటానికి 8వ సెక్షను అవకాశం ఇస్తుంది. అందువలన తక్షణ అవసరానికి ఇది పనికిరాదు.

=== పాస్‌పోర్టు, విదేశీ ప్రయాణం ===

అరెస్టు వారంటు గాని, హాజరు కావలసిందిగా సమను గాని జారీ అయి ఉన్న వ్యక్తికి పాస్‌పోర్టు నిరాకరించడానికి పాస్‌పోర్టుల చట్టం, 1967లోని 6వ సెక్షను అధికారం ఇస్తుంది. ఉన్న పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవడానికి 10వ సెక్షను వీలు కల్పిస్తుంది. పరారీలో ఉన్నవారిపై విమానాశ్రయాలకు లుకౌట్ సర్క్యులరు పంపవచ్చును. ఆ జాబితా బహిరంగంగా లభించదు. ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు పాత కేసుల స్థితిని ప్రయాణానికి చాలా ముందుగానే చూసుకోవడం అవసరం.

== వారంటు ఉన్నదని తెలిసిన తరువాత ==

వారంటును రద్దు చేసే అధికారం ప్రధానంగా దానిని జారీ చేసిన న్యాయస్థానానిదే. పోలీసు అధికారి గాని, ఫిర్యాదుదారు గాని దానిని రద్దు చేయలేరు. ముద్దాయి న్యాయవాదితో కలిసి స్వయంగా హాజరై, వారంటు రీకాల్ పిటిషను దాఖలు చేయడం సాధారణ పద్ధతి. పాత స్మృతిలో ఇది 70వ సెక్షను రెండవ ఉపవిభాగం క్రిందకు వస్తుంది. కొత్త సంహితలో 72వ సెక్షను రెండవ ఉపవిభాగం.

పిటిషనులో గైర్హాజరుకు కారణం చెప్పాలి. ఆసుపత్రి కాగితాలు, నివాసం మారినట్లు ఆధారాలు, సమను అందలేదని చూపే రికార్డు ఉంటే జతపరచాలి. తనంతట తానుగా వచ్చిన వ్యక్తికి, పట్టి తెచ్చిన వ్యక్తికి మధ్య తేడాను న్యాయస్థానాలు గమనిస్తాయి. అయితే రద్దు చేయడం న్యాయస్థానపు విచక్షణ. కొన్నిసార్లు ఖర్చులు విధించవచ్చు, కొత్త జామీను కోరవచ్చు, పిటిషను తిరస్కరించి రిమాండుకు పంపనూవచ్చు. బెయిలు దొరకని తీవ్రమైన నేరాలలో ముందుగా ముందస్తు బెయిలు కోరవలసి రావచ్చును. ఇందుకు సెషన్సు కోర్టును గాని, అమరావతిలోని హైకోర్టును గాని ఆశ్రయించాలి.

జామీనుదారుల సంగతి కూడా ముఖ్యమైనది. ముద్దాయి రానప్పుడు బాండు జప్తు అవుతుంది. ఆ మొత్తాన్ని ఎందుకు వసూలు చేయరాదో చెప్పవలసిందిగా జామీనుదారులకు నోటీసు వస్తుంది. స్నేహితునికో బంధువుకో హామీ ఉన్నవారు కూడా ఆ కేసు ఏ దశలో ఉన్నదో ఈ-కోర్ట్స్‌లో అప్పుడప్పుడు చూసుకోవడం శ్రేయస్కరం.

== రద్దయినా అమలైన వారంటు ==

న్యాయస్థానం వారంటును రద్దు చేసినా, ఆ వార్త పోలీసు స్టేషనుకు చేరకపోతే ప్రమాదం తొలగదు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ రఘువంశ్ దేవన్‌చంద్ భాసిన్ కేసు. మహారాష్ట్రకు చెందిన ఈ న్యాయవాదిపై జారీ అయిన వారంటును న్యాయస్థానం రద్దు చేసింది. అయినప్పటికీ 2002 స్వాతంత్ర్య దినోత్సవం నాడు పోలీసులు అదే వారంటుపై ఆయనను అరెస్టు చేశారు. ఈ వివాదంలో సుప్రీం కోర్టు 2011 సెప్టెంబరులో తీర్పు చెబుతూ, అన్ని కోర్టులు పాటించవలసిన మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనవి:

* వారంటులను ముద్రిత, సంఖ్యా సహిత పత్రాలపైనే జారీ చేయాలి. ప్రతి పత్రానికి లెక్క ఉండాలి.
* కేసు వివరాలు పూర్తిగా ఉండాలి. సంతకం చదవడానికి వీలుగా ఉండాలి.
* ప్రతి వారంటును కోర్టు రిజిస్టరులో వరుసగా నమోదు చేసి, ఆ క్రమ సంఖ్యను వారంటు పైభాగాన వ్రాయాలి.
* అమలైనా కాకపోయినా ఫలానా తేదీలోగా తిరిగి పంపాలని సాధారణంగా పేర్కొనాలి.
* రద్దు చేసినప్పుడు ఆ ఉత్తర్వును రికార్డులోను, రిజిస్టరులోను నమోదు చేసి, వారంటును అమలు చేయకుండా వెంటనే తిరిగి పంపవలసిందిగా పోలీసులకు తెలపాలి.
* రద్దు ఉత్తర్వు నకలును ముద్దాయికి కూడా ఇవ్వాలి.

చివరి అంశం పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. వారంటు రద్దయిన రోజుననే ఉత్తర్వు నకలు కోరి తీసుకొని, కొంతకాలం వెంట ఉంచుకోవడం, న్యాయవాది ద్వారా దానిని స్టేషనుకు చేరవేసి వారంటు తిరిగి వెళ్ళినదని రూఢి చేసుకోవడం మంచిది.

== సరిహద్దు దాటి అమలు ==

భారతదేశంలోని ఏ న్యాయస్థానపు వారంటునైనా దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చును. సరిహద్దు దాటినంత మాత్రాన వారంటు శక్తి తగ్గదు. జారీ చేసిన కోర్టు తన పరిధికి వెలుపల అమలు కొరకు వారంటును అక్కడి కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు గాని, జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు గాని, పోలీసు కమిషనరుకు గాని పంపవచ్చును. పోలీసు అధికారి స్వయంగా వెళ్ళినట్లయితే, సాధారణంగా స్థానిక కార్యనిర్వాహక మేజిస్ట్రేటు చేత గాని, స్టేషను అధికారి స్థాయికి తగ్గని పోలీసు అధికారి చేత గాని వారంటుపై ఎండార్సుమెంటు వ్రాయించుకోవాలి. ఆలస్యమైతే వ్యక్తి తప్పించుకుంటాడనుకున్నప్పుడు అది లేకుండానే అమలు చేయవచ్చును.

జిల్లా వెలుపల అరెస్టు జరిగినప్పుడు, వ్యక్తిని ముందుగా అక్కడి కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఎదుట గాని, పోలీసు ఉన్నతాధికారి ఎదుట గాని హాజరు పరచాలి. వారంటు జారీ చేసిన కోర్టు అరెస్టు స్థలానికి 30 కిలోమీటర్ల లోపు ఉంటే ఇది అవసరం లేదు. ఉదాహరణకు, సూళ్ళూరుపేట కోర్టు వారంటుపై ఆరంబాకంలో ఒకరిని అరెస్టు చేస్తే, అది వేరే రాష్ట్రమైనా దూరం 30 కిలోమీటర్ల లోపే గనుక నేరుగా సూళ్ళూరుపేటకు తీసుకురావచ్చును. చెన్నై కోర్టు వారంటుపై తడలో అరెస్టు చేస్తే ఆ దూరం మించుతుంది కాబట్టి, సాధారణంగా ఇక్కడి అధికారి ఎదుట హాజరు పరచిన తరువాతనే తరలించాలి. నేరం బెయిలుకు వీలైనదైతే ఆ అధికారి బెయిలు తీసుకోవచ్చును.

== అరెస్టు సమయంలో హక్కులు ==

* వారంటులోని సారాంశాన్ని పోలీసు అధికారి తెలియజేయాలి. అడిగినట్లయితే వారంటును చూపించాలి.
* అరెస్టుకు కారణాలు తెలుసుకొనే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. వారంటుపై అరెస్టు చేసినప్పుడు దానిని చదివి వినిపిస్తే ఈ షరతు నెరవేరినట్లేనని 2025లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీం కోర్టు పేర్కొన్నది.
* కుటుంబ సభ్యునికో స్నేహితునికో అరెస్టు సంగతి, ఉంచిన చోటు తెలియజేయాలి.
* ప్రయాణ కాలం మినహా 24 గంటలలోగా న్యాయస్థానం ఎదుట హాజరు పరచాలి.
* ప్రత్యేక పరిస్థితులలో తప్ప, సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను అరెస్టు చేయరాదు.
* తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించవచ్చును.

అరెస్టయిన వ్యక్తి బంధువులు వివరాలు తెలుసుకొనేందుకు ప్రతి స్టేషనులోను, జిల్లా కేంద్రంలోను ఒక అధికారిని నియమించి, అరెస్టయినవారి వివరాలను ప్రదర్శించాలని సంహితలోని 37వ సెక్షను నిర్దేశిస్తుంది. ఇది అరెస్టయినవారి జాబితా మాత్రమే. అమలు కావలసిన వారంటుల జాబితా కాదు.

== పట్టించుకోకపోతే కలిగే పరిణామాలు ==

వారంటు అమలు కాకుండా వ్యక్తి తప్పించుకు తిరుగుతున్నాడని నమ్మినప్పుడు, 30 రోజులకు తక్కువ కాని గడువుతో హాజరు కావాలని న్యాయస్థానం బహిరంగ ప్రకటన జారీ చేస్తుంది. దానిని ఊరిలో చదివి వినిపిస్తారు, ఇంటి గోడకు అంటిస్తారు. తరువాత ఆస్తులను జప్తు చేయవచ్చును. ప్రకటన తరువాత కూడా రాకపోవడం భారతీయ న్యాయ సంహిత 209వ సెక్షను ప్రకారం వేరొక నేరం. దీనికి మూడేళ్ళ వరకు, ప్రకటిత నేరస్థుడైతే ఏడేళ్ళ వరకు జైలు విధించవచ్చును. ప్రకటిత నేరస్థుని విషయంలో ఆయన లేకుండానే విచారణ జరిపి తీర్పు చెప్పే అవకాశాన్ని కొత్త సంహిత 356వ సెక్షను కల్పించింది. మొదట జరిమానాతో పోయే చిన్న కేసు కూడా ఈ విధంగా పెద్దది కావచ్చును.

== నకిలీ వారంటులు ==

ఫోను లేదా వీడియో కాల్ చేసి, మీపై వారంటు ఉన్నదని బెదిరించి డబ్బు గుంజే మోసాలు దేశమంతటా జరుగుతున్నాయి. వీటికి డిజిటల్ అరెస్టు అన్న పేరు వచ్చింది. భారతీయ చట్టంలో అటువంటి అరెస్టు లేదు. ఏ న్యాయస్థానమూ, ఏ పోలీసు అధికారీ వారంటు రద్దుకు ఫోనులో డబ్బు అడగరు. వాట్సాప్‌లో పంపిన కాగితంపై ముద్ర, సంతకం కనిపించినా అది నిజమైనదని భావించరాదు. అందులోని కోర్టు పేరును, కేసు నంబరును ఈ-కోర్ట్స్‌లో సరిచూడాలి. డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి.

== పాత, కొత్త సెక్షన్లు ==

పాత స్మృతి సంఖ్య ముందు, భారతీయ నాగరిక సురక్షా సంహిత సంఖ్య తరువాత ఇవ్వబడ్డాయి.

* వారంటు రూపం, చెల్లుబాటు, రద్దు: 70 – 72
* బెయిలబుల్ వారంటు: 71 – 73
* వారంటు సారాంశం తెలియజేయడం: 75 – 77
* ఆలస్యం లేకుండా కోర్టులో హాజరు పరచడం: 76 – 78
* దేశంలో ఎక్కడైనా అమలు: 77 – 79
* పరిధికి వెలుపల అమలు: 78 నుండి 81 – 80 నుండి 83
* పరారీ ప్రకటన: 82 – 84
* ఆస్తి జప్తు: 83 – 85
* సమనుకు బదులుగా వారంటు: 87 – 90
* భరణం: 125 – 144
* గైర్హాజరీకి అనుమతి: 317 – 355
* ముందస్తు బెయిలు: 438 – 482
* బాండు జప్తు: 446 – 491

== ఇవి కూడా చూడండి ==

* తడ
* సూళ్ళూరుపేట
* భారతీయ నాగరిక సురక్షా సంహిత
* ఆంధ్రప్రదేశ్ హైకోర్టు
* లోక్ అదాలత్
* సమాచార హక్కు చట్టం

వర్గాలు: భారతీయ చట్టాలు | న్యాయ వ్యవస్థ | తిరుపతి జిల్లా